డిగ్రీ మూడేళ్లూ వెయిటింగ్ రూమేనా?

ఈ మధ్య మా వీధిలో ఏ ఇంటికి పేరంటానికి వెళ్లినా తాంబూలం చేతికి రాకముందే ఒక ప్రశ్న వచ్చేస్తోంది. "మీ పిల్లకి ప్లేస్‌మెంట్ వచ్చిందా?" పిల్ల ఏం చదువుతోందో అడగరు, ఎన్నో సంవత్సరమో అడగరు. మొన్న ఒకావిడ, కాలేజీలో చేరి రెండు నెలలైనా కాని పిల్ల తల్లిని కూడా ఇదే అడిగింది. ఆ తల్లి పాపం తప్పు చేసినదానిలా "ఇంకా లేదండీ" అంది.

కాలేజీ అంటే మనకి రైల్వే స్టేషన్‌లో వెయిటింగ్ రూమ్ అయిపోయింది. బండి వచ్చేదాకా సామాను పక్కన పెట్టుకుని కుదురుగా కూర్చోవాలి. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకూడదు, అటూ ఇటూ తిరగకూడదు. బండి రాగానే ఎక్కేయాలి. మగపిల్లాడికైతే ఆ బండి ఉద్యోగం. ఆడపిల్లకైతే ఉద్యోగమో పెళ్లో, ఏది ముందు ప్లాట్‌ఫారం మీదికొస్తే అది.

నాకు ఈ పద్ధతి నచ్చదు. ఎందుకు నచ్చదో చెప్తాను, మీలో కొందరికి నా మీద కోపం వచ్చినా సరే.

మాది విశాఖలో వన్ టౌన్. ఒకవైపు కురుపాం మార్కెట్, ఒకవైపు బురుజుపేట కనకమహాలక్ష్మమ్మ గుడి, కాస్త ముందుకెళితే పాత పోస్టాఫీసు, గాలి అటునుంచి వీస్తే ఫిషింగ్ హార్బర్ వాసన. మావారు పోర్టు పనులు చూసే ఒక ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. అమ్మాయి బీకాం చివరి సంవత్సరంలో ఉంది. ఇంట్లో మా అత్తయ్యగారున్నారు. ఆవిడ చెవులకి గోడగడియారం అక్కర్లేదు. పిల్ల ఆరున్నరకి గుమ్మం తొక్కకపోతే ఆరు ముప్ఫై ఒకటికి "ఏటమ్మా, పిల్లింకా రాలేదేటి?" అని వంటింట్లోకి వినిపిస్తుంది.

మనం ఇల్లు నడిపేవాళ్లం కాబట్టి ఇంటి లెక్కలోనే మాట్లాడతాను. బియ్యం బస్తా కొంటే అడుగున మిగిలిన నూకని కూడా ఉప్మా చేస్తాం. గ్యాస్ బండ అయిపోయే ముందు పక్కకి వంచి మరీ ఒక పూట వంట లాగుతాం. అంత లెక్కగా బతికే మనం, కాలేజీకి కట్టిన డబ్బులో ఏమేం వస్తాయో ఒక్కసారైనా కూర్చుని చూశామా? క్లాసులు, పరీక్షలు, చివర ఒక కాగితం. ఈ మూడే చూస్తాం. లైబ్రరీ, ల్యాబు, ఆటస్థలం, ఎన్నెస్సెస్, ఎన్‌సీసీ, పక్క కాలేజీల పోటీలు, సందేహం వస్తే వెళ్లి కూర్చుని అడగడానికి ఒక లెక్చరరు, వీటన్నిటికీ కూడా ఆ ఫీజులోనే కట్టాం. ప్రభుత్వం రీయింబర్స్ చేసినా అది మన డబ్బే, పన్నుల్లో కట్టింది.

మా ఆడపడుచు కూతురి సంగతే చూడండి. పీజీ చేసింది, మంచి మార్కులు కూడా వచ్చాయి. బయటికొచ్చాక ఉద్యోగాల వేటలో ఒక స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ రావాలన్నారట. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి ఇరవై రెండు వేలు కట్టి మూడు నెలలు నేర్చుకుంది. అదే సాఫ్ట్‌వేర్ రెండేళ్లపాటు వాళ్ల డిపార్ట్‌మెంట్ ల్యాబులో కంప్యూటర్లన్నిటిలోనూ ఉంది. సాయంత్రం నాలుగు తర్వాత ల్యాబ్ ఖాళీ. కానీ నాలుగుంపావుకి బస్సు ఎక్కాలని ఇంట్లో ఆర్డరు. ఆ ఇరవై రెండు వేలు పోతే పోయాయి, నాకు బాధ దాని గురించి కాదు. రెండేళ్లు ఆ గదిలోకి సాయంత్రం పూట అడుగుపెట్టలేదే అని. డిగ్రీ చేతికొచ్చిన మర్నాటి నుంచి ఆ గది తలుపు దగ్గర వాచ్‌మన్ "ఐడీ కార్డేదమ్మా" అంటాడు.

ఇక మా అమ్మాయి వేసవి కథ. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు కదా. మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం అయ్యాక మరో రెండు నెలలు ఎక్కడైనా పని, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం. కాగితం మీద చక్కటి ఆలోచన. ఆచరణలో చాలామంది పిల్లలు ఆ ప్రాజెక్టు రిపోర్టుని జిరాక్స్ షాపులో కొంటారు. అయిదు వందలిస్తే పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ వేసి, ఎక్కడో దిగిన ఫొటోలు అతికించి ఇచ్చేస్తారు. కాలేజీ పేరు చెప్పను గానీ, మా అమ్మాయి క్లాసులో సగం మంది రిపోర్టులు అలాగే తయారయ్యాయి. ఒక రిపోర్టులో ఊరి పేరు మార్చడం మర్చిపోయారట, విశాఖ సర్వేలో రాయచోటి వచ్చింది.

మా అమ్మాయీ, ఇంకో ముగ్గురు పిల్లలూ హార్బర్ దగ్గర ఎండు చేపలమ్మే ఆడవాళ్ల మీద చేస్తామన్నారు. అత్తయ్యగారికి అస్సలు నచ్చలేదు. "బీకాం చదివేది చేపల దగ్గర కూకోడానికా?" అన్నారు. మావారు పేపరు దించకుండా "ఎండలో ఎందుకే, అందరూ కొనుక్కుంటున్నారుగా" అన్నారు. నేను మాత్రం మజ్జిగ సీసా, గొడుగు ఇచ్చి పంపాను.

అది వేట నిషేధం సమయం. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు, మోటారు బోట్లు వేటకెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. అంటే పిల్లల ప్రాజెక్టు రోజులూ, వాళ్లకి సరుకు రాని రోజులూ ఒకటే. జెట్టీలో బోట్లన్నీ పక్కపక్కన కట్టేసి ఉంటాయి. ఆడవాళ్లు మాత్రం ముందే ఎండబెట్టి దాచుకున్న నెత్తళ్లు, కానాగంతలు గంపల్లో పెట్టుకుని పూర్ణా మార్కెట్ వైపు వెళుతూనే ఉంటారు.

మొదటి వారం వాళ్లు వీళ్లతో మాట్లాడలేదట. "రాసుకుని పోతారు, మాకేటొస్తాది?" అన్నారట. రెండో వారం మా అమ్మాయి ఒకామెకి లెక్క రాసిపెట్టింది. రోజూ ఎంతకి కొంటోంది, ఎంతకి అమ్ముతోంది, ఆటోకి ఎంత, ఐసుకి ఎంత, అప్పుకి ఎంత. అప్పుడు బయటపడింది అసలు విషయం. పొద్దున్న తొమ్మిది వందలు చేతికిస్తారు, సాయంత్రానికి వెయ్యి కట్టాలి. ఆమె దృష్టిలో అది వడ్డీ కాదు, "వంద తీసుకుంటాడు, అంతే." మా అమ్మాయి ఆ రాత్రి ఇంట్లో పుస్తకం తీసి లెక్క కట్టింది. ఏడాదికి వడ్డీ రేటు ఎంతో కట్టబోయి నవ్వేసింది, అంత పెద్ద అంకె పుస్తకంలో ఏ ఉదాహరణలోనూ లేదని. ఆ తర్వాత నవ్వలేదు.

ఇంకో సంగతి కూడా పట్టుకున్నారు పిల్లలు. నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే సాయం వేటకెళ్లే వాళ్ల లెక్కన వస్తుంది. బోటు మీద పేరున్నవాడికి వస్తుంది. ఎండబెట్టే ఆమెకి, గంప మోసే ఆమెకి ఆ జాబితాలో పేరుండదు. మొగుడు పోయిన ఆమె ఇంటికైతే ఆ రెండు నెలలూ రూపాయి రాదు. ఇది నాకు ఇన్నేళ్లుగా తెలియదు. ఆ చేపలు వాళ్ల దగ్గరే కొంటున్నాను, బేరం కూడా ఆడుతున్నాను.

రిపోర్టు పద్దెనిమిది పేజీలు వచ్చింది, చేత్తో రాసింది. మార్కులు? అయిదు వందల రిపోర్టులకీ వీళ్ల రిపోర్టుకీ మూడో నాలుగో తేడా. మా అమ్మాయి రెండు రోజులు ముఖం మాడ్చుకుంది. మొన్న ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో కూడా దాని గురించి ఎవరూ అడగలేదు. పర్వాలేదు, దాని విలువ మార్కుల్లోనే రావాలనే పట్టింపు నాకు లేదు. ఇప్పుడు ఎవరైనా "నెలకి ఇంతే కట్టండి" అని ఫోన్ చేస్తే ఆ పిల్ల ముందు వడ్డీ రేటు అడుగుతుంది. మావారికి కొత్త టీవీ వాయిదాల మీద కొనాలనుంది, ఆయనకి ఇది కొంచెం ఇబ్బందిగా ఉంది.

మన ఊరి చదువుల చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. మా వన్ టౌన్‌ని ఆనుకుని ఉన్న కాలేజీని అందరం ఏవీఎన్ అంటాం. పూర్తి పేరు మిసెస్ ఏవీఎన్ కాలేజీ. ఆ మిసెస్ ఎందుకొచ్చిందో పిల్లల్ని అడగండి, సగం మందికి తెలియదు. అంకితం వెంకట నరసింగరావు గారి భార్య ఇచ్చిన విరాళంతో ఆ పేరు వచ్చింది. ఒక ఇల్లాలి చేతి డబ్బు మీద నిలబడ్డ కాలేజీ అది. సి.వి.రామన్ గారు అక్కడ చదివారని గర్వంగా చెప్తాం గానీ, ఆవిడని తలుచుకునే వాళ్లు తక్కువ.

అదే కాలేజీలో ఇంటర్మీడియట్ చదివిన ఇంకొకాయన సి.ఆర్.రావు గారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చేశారు. చదువయ్యాక ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళితే ఆ ఉద్యోగం రాలేదు. కానీ అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అనేది ఒకటుందని తెలిసి, వెళ్లి చూసి, 1941లో అందులో చేరారు. నాలుగేళ్లకే, ఇరవై అయిదేళ్లయినా నిండకముందే రాసిన పరిశోధన పత్రాన్ని ఇవాళ్టికీ ప్రపంచమంతా పాఠంగా చదువుతారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకుని ఆ ఏడాదే పోయారు. ఆయన తన పుస్తకం ఒకటి తల్లి లక్ష్మీకాంతమ్మ గారికి అంకితమిచ్చారు. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకోమని కూర్చోబెట్టేదట ఆవిడ.

ఈ కథ చెప్పగానే మనవాళ్లు "చూశావా, నాలుగింటికి లేవాలి" అంటారు. నేను ఇంకోటి చూస్తాను. ఆ తల్లి దీపం వెలిగించింది సరే, వచ్చిన పని కాకపోయినా ఊరు కాని ఊళ్లో ఇంకో గుమ్మం తొక్కి చూసే వీలు కూడా ఆ కుర్రాడికి ఉంది. మన పిల్లల్ని నాలుగింటికి లేపుతాం. ఇంటర్వ్యూ అవగానే ఫోన్ చేసి "ఇంకేం పని, వచ్చెయ్" అంటాం.

ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై 1930లో మన వాల్తేరుకి వచ్చింది. ఆ కొండ మీద నుంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది కదా. ఆ సముద్రం అడుగున లోతైన లోయలున్నాయి. 1950లలో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి, యూనివర్సిటీ వాళ్లతో కలిసి నేవీ ఓడల మీద వెళ్లి సముద్రాన్ని కొలిచారు. ఆ లోయలకి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఒకటి యూనివర్సిటీ పేరు, ఒకటి జియాలజీ ప్రొఫెసరు పేరు, ఒకటి అప్పటి వైస్ చాన్సలర్ వి.ఎస్.కృష్ణ గారి పేరు. క్యాంపస్‌లో పెద్ద లైబ్రరీకి ఉన్నదీ ఆయన పేరే. రోజూ బీచ్‌లో మొక్కజొన్న పొత్తులు తింటూ చూసే సముద్రం అడుగున ఎక్కడో మన యూనివర్సిటీ పేరుతో ఒక లోయ ఉందని మా అమ్మాయి చెప్పేదాకా నేనూ వినలేదు. దానికి ఎవరు చెప్పారంటే, తన సబ్జెక్టు కాని ఒక సెమినార్‌కి ఊరికే వెళ్లి కూర్చుందట. టీ, సమోసా ఇస్తారని వెళ్లామంది. ఏదో ఒకందుకు వెళ్లింది.

ఇప్పుడు అసలు గొడవకి వస్తాను, ఆరున్నర గొడవకి.

సెమినార్ అన్నా, రిహార్సల్ అన్నా, ఎన్నెస్సెస్ వాళ్ల వారం రోజుల క్యాంపు అన్నా మన ఇళ్లలో మొదట వచ్చే మాట "వద్దు." బయట రోజులు బాగాలేవు, నిజమే. నేనేమీ కళ్లు మూసుకుని పంపమనడం లేదు. కానీ ఒక్కటి ఆలోచించండి. మే నెలలో ఏడు దాటితే గుమ్మంలో నిలబడే మనమే, జూన్‌లో ఆఫర్ లెటర్ రాగానే అదే పిల్లని బెంగళూరులో ముక్కూ మొహం తెలియని పీజీలో దింపి, రాత్రి షిఫ్టు క్యాబ్ ఎక్కించి, కళ్లు తుడుచుకుంటూ రైలెక్కి వచ్చేస్తాం. ఇక్కడ సొంత ఊళ్లో, అందరూ తెలిసిన చోట, రాత్రి ఎనిమిదికి ఒంటరిగా ఆటో ఎక్కడం నేర్చుకోని పిల్ల అక్కడ ఒక్కరోజులో నేర్చుకుంటుందా? జీతం వస్తోందంటే మనకి భయం పోతుందన్నమాట. భయం పిల్ల గురించే అయితే జీతం వచ్చినా పోకూడదు కదా!

మేం చేసిన ఏర్పాటు చెప్తాను, పనికొస్తే వాడుకోండి. నలుగురు పిల్లల తల్లుల ఫోన్ నంబర్లు నా దగ్గరున్నాయి, నా నంబరు వాళ్ల దగ్గరుంది. ఆలస్యమైతే నలుగురూ కలిసి బయల్దేరతారు. జగదాంబ దాకా బస్సు, అక్కడి నుంచి ఒకటే ఆటో. చివర దిగే పిల్ల ఇంటికి చేరాక అందరికీ మెసేజ్. అత్తయ్యగారికి మాత్రం పిల్ల రావాల్సిన టైముకి అరగంట ఎక్కువ చెప్తాను. అరగంట ముందే వచ్చిందని ఆవిడ సంతోషిస్తారు.

ఇదంతా కడుపు నిండిన వాళ్ల మాటలని కొందరనొచ్చు. నిజమే, అందరికీ ఒకటే కొలత కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె కొడుకు పగలు డిగ్రీ, రాత్రి పదకొండు వరకు బండి మీద పార్సెళ్లు. అతనికి వెళ్లి "సెమినార్లకి వెళ్లు బాబూ" అని చెప్పే మొహం నాకు లేదు. అతను ఇప్పటికే నాకంటే ఎక్కువ లోకం చూశాడు. అలాంటి పిల్లలకి పనికొచ్చే దారులు కొన్నున్నాయి. స్వయం అని కేంద్రం పెట్టిన వెబ్‌సైట్‌లో 2017 నుంచి ఉచితంగా పాఠాలున్నాయి, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు. పోర్టు, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు లాంటి సంస్థలు చదువైన పిల్లల్ని స్టైఫండ్ ఇచ్చి అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కాలేజీలో ఉన్నప్పుడే కనిపెట్టుకుని ఉండాలి. ఇంతమంది ఉద్యోగులున్న ఊళ్లో ఉంటూ, ఆ గేటు లోపలికి ఎలా వెళ్లాలో తెలియక పిల్లలు హైదరాబాద్ బస్సెక్కుతున్నారు.

నేను మాట్లాడేది ఆ పరిస్థితి లేని ఇళ్ల గురించి. నెల గడుస్తుంది, పిల్ల జీతం ఈ ఏడాదే రాకపోతే పొయ్యి ఆరిపోదు. అయినా తొందర. ఎందుకంటే పక్కింటి పిల్లకి వచ్చేసింది. ఆ పక్కింటి పిల్లని నేను మొన్న సంక్రాంతికి చూశాను. జీతం బాగానే ఉంది. "ఆంటీ, కాలేజీలో ఏం చేశానో ఒక్కటి గుర్తులేదు" అంది, అరిసె విరుస్తూ. కోచింగ్, కాలేజీ, కోచింగ్. స్నేహితులెవరంటే వాట్సాప్ గ్రూపు చూపించింది, అందులో అన్నీ పుట్టినరోజు కేకులే.

పెళ్లి సంగతి కూడా దాచడమెందుకు. డిగ్రీ పూర్తవకముందే ఫొటోలు తిరగడం మొదలవుతుంది. మాకూ రెండు సంబంధాలు వచ్చాయి. "అబ్బాయి వాళ్లకి ఉద్యోగం చేసే పిల్ల కావాలట" అని ఒకరు, "ఉద్యోగం అక్కర్లేదట" అని ఇంకొకరు. పిల్లకి ఏం కావాలట అని ఎవరూ అడగలేదు. అడిగినా అది చెప్పగలగాలంటే ముందు నాలుగు రకాల పనులు చేసి చూడాలి, నలుగురు మనుషులతో కలిసి తిరగాలి, ఇది నాకు పడదు, ఇది పడుతుంది అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడానికి ఇంట్లో చోటు చాలదు. ఉద్యోగంలో చేరాక టైముండదు. పెళ్లయ్యాక టైముంటుందా అనే ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇక మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వ్యవహారం. అమ్మాయికి హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆఫర్ ఇచ్చింది. జనవరిలోనే రమ్మంటున్నారు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ కింద చూపించుకోవచ్చు, నెలకి పన్నెండు వేలిస్తాం అన్నారు. ఇక్కడ మాకు తెలిసిన ఒక ఆడిటరు గారి ఆఫీసులో అయితే పైసా రాదు, కానీ చిన్న వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ, ఆదాయపు పన్ను చేత్తో చేసి నేర్చుకోవచ్చు. ఫిబ్రవరిలో కాలేజీ తరఫున వక్తృత్వ పోటీకి కూడా పేరిచ్చింది. హార్బర్ ఆడవాళ్లు పొదుపు సంఘంగా బ్యాంకు లోనుకి పెట్టుకోవడానికి కాగితాలు రాసిపెడతామని ఆ నలుగురూ మాటిచ్చారు, అదింకా సగంలో ఉంది.

మావారు పన్నెండు వేలు అంటారు. పన్నెండు ఆరులు డెబ్బై రెండు వేలని మూడుసార్లు లెక్క చెప్పారు. నేను ఉండమంటాను. హైదరాబాద్‌లో పీజీకి, తిండికి, ప్రయాణాలకి పోగా ఆ డెబ్బై రెండు వేలలో ఏం మిగులుతుందో ఆయనకి కాగితం మీద వేసి చూపించాను. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు. అత్తయ్యగారు వింతగా ఈసారి నా వైపున్నారు. కారణం వేరు లెండి, మనవరాలు కళ్లెదుట ఇంకో ఆరు నెలలుంటుందని.

అమ్మాయి మాత్రం ఇద్దరి మాటా వినలేదు. ఇంటర్న్‌షిప్ ఇక్కడే చేసి, పరీక్షలయ్యాక జూన్‌లో చేరితే కుదురుతుందా అని కంపెనీకి తనే మెయిల్ రాసింది. రాసే ముందు ఎవరినీ అడగలేదు, పంపాక చూపించింది. కుదరదంటే ఏం చేస్తావే అని అడిగాను. "అప్పుడు చూద్దాం" అని, హార్బర్ వాళ్ల కాగితాలున్న సంచీ తీసుకుని వెళ్లింది. జవాబింకా రాలేదు. గడువు పదో తారీఖు వరకు ఉంది.